లింగన్‌బెర్రీ హాట్ సాస్: స్వీడన్ పండు డోంగ్లిలో దొరుకుతుందా? బదులు ఏది వాడాలి.. ఏది ముట్టుకోకూడదు?

డోంగ్లి (కామారెడ్డి జిల్లా): ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే ఈ మధ్య ఒకటి తరచూ కనిపిస్తోంది. చలి దేశంలో పచ్చటి అడవి. నేల మీద పాకిన చిన్న మొక్కలు, వాటికి ఎర్రపూసల్లాంటి పండ్లు. వాటిని బుట్టలో ఏరుకొచ్చి, మిరపకాయలతో కలిపి రుబ్బి, సీసాలో పోసి, 'ఇంట్లోనే చేసుకోండి' అంటారు. రంగు చూస్తేనే నోరూరుతుంది. కానీ ఆ పండు పేరు లింగన్‌బెర్రీ. అది పెరిగేది స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ లాంటి దేశాల్లో. మరి మద్నూర్ మండలం నుంచి విడిపోయి 2022లో కొత్త మండలమైన డోంగ్లిలో కూర్చుని ఈ సాస్ చేయాలంటే ఎలా?

చేయొచ్చు. పండు కోసం స్వీడన్ దాకా పోనక్కర్లేదు. అయితే రెండు విషయాలు తెలియకుండా మొదలుపెడితే డబ్బులు పోతాయి, కొన్నిసార్లు ప్రాణాల మీదకూ వస్తుంది. ఒకటి, పండుకు బదులు ఏది వాడాలి, ఏది వాడకూడదు అనేది. రెండోది, ఉప్పు తగ్గించిన సాస్ సీసాలో ఎందుకు చెడుతుంది అనేది. ఆ వివరాలు ఇవీ.

అసలు ఆ పండులో ఏముంది?

లింగన్‌బెర్రీ బఠాణీ గింజంత ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో పండుతుంది. రుచి మూడు రకాలుగా తగులుతుంది. ముందు గట్టి పులుపు, తర్వాత వగరు, చివర్లో కొంచెం చేదు. అందుకే అక్కడివాళ్లు దాన్ని ఒట్టిగా తినడం తక్కువ. చక్కెర కలిపి జామ్ చేసి, మాంసం పక్కన పెట్టుకుంటారు. మన దగ్గర అన్నంలోకి పచ్చడి ఎలాగో, వాళ్లకు అది అలాగ.

స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో ఇంకో విశేషం ఉంది. అడవిలో కాసిన బెర్రీలను ఎవరైనా ఏరుకోవచ్చు. అడవి ఎవరిదైనా సరే, ఇళ్ల పెరడు, పంట చేను జోలికి పోనంత వరకు అభ్యంతరం ఉండదు. తరతరాలుగా వస్తున్న హక్కు అది. అందుకే వీడియోల్లో వాళ్లు అంత తేలిగ్గా బుట్టలు నింపుకుంటారు.

ఈ పండుకు ఉన్న అసలు బలం దాని లోపల సహజంగానే ఉండే బెంజోయిక్ యాసిడ్. బజార్లో కొనే సాస్ సీసా వెనక సోడియం బెంజోయేట్ అని రాసి ఉంటుంది చూశారా? దానికీ దీనికీ చుట్టరికం ఉంది. ఆ యాసిడ్ వల్లే పాత రోజుల్లో స్వీడన్ పల్లెల్లో లింగన్ పండ్లను మంచినీళ్లలో వేసి, చక్కెర లేకుండానే చలికాలమంతా నిల్వ ఉంచేవారు. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే లింగన్ బదులు వేరే పండు వేస్తే పులుపు వస్తుంది కానీ ఈ రక్షణ రాదు.

హైదరాబాద్‌లో దొరికేది ఏంటి?

మన రాష్ట్రంలో లింగన్‌బెర్రీ కోసం ముందుగా చూడాల్సిన చోటు హైదరాబాద్ హైటెక్ సిటీలోని ఐకియా. స్వీడన్‌కు చెందిన ఈ కంపెనీ ఇండియాలో తన మొదటి స్టోర్‌ను 2018 ఆగస్టు 9న ఇక్కడే తెరిచింది. ఫర్నిచర్‌తో పాటు అందులో స్వీడిష్ ఫుడ్ మార్కెట్ కూడా ఉంది. లింగన్‌బెర్రీ జామ్ అమ్మేది అక్కడే. డోంగ్లి వైపు నుంచి జాతీయ రహదారి 161 మీదుగా సంగారెడ్డి దాటి వెళ్లాలి, చాలా దూరం. ఒక్క సీసా కోసం అంత దూరం ఎవరూ పోరు. సిటీలో చదువుకునే పిల్లలో, ఉద్యోగం చేసే చుట్టాలో పండక్కి వస్తున్నప్పుడు తెమ్మని చెప్తే సరిపోతుంది. వెళ్లే ముందు స్టాక్ ఉందో లేదో చూసుకోవాలి.

అయితే జామ్ అంటే పండు కాదు. అందులో చక్కెర చాలా ఉంటుంది. వీడియోలో పచ్చి పండ్లు వేశారు కదా అని అదే లెక్కన జామ్ వేసి మిరపకాయలతో పులియబెడితే తేడా కొడుతుంది. చక్కెర ఎక్కువైతే పులిసేటప్పుడు గ్యాస్ బాగా పుడుతుంది. మూత బిగించిన సీసా పగిలినా పగలొచ్చు. కాబట్టి జామ్‌ను పులియబెట్టే దశలో కాకుండా, చివర్లో సాస్ మరిగించేటప్పుడు మాత్రమే కలపాలి. అప్పుడు బెల్లం, చక్కెర వేరే వేయక్కర్లేదు.

ఇక ఆన్‌లైన్‌లో కనిపించే పొడులు, డ్రై బెర్రీలు. కొనేముందు ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్, దిగుమతి చేసిన కంపెనీ పేరు, అడ్రస్ ఉన్నాయో లేదో చూడాలి. అవి లేకపోతే వదిలేయడమే మంచిది. ఫ్రోజెన్ పండ్లు అయితే కొరియర్‌లో డోంగ్లి చేరేసరికి కరిగిపోయి, మళ్లీ గడ్డకట్టి, పులిసిపోయే ప్రమాదం ఉంటుంది.

యూరప్ నుంచి వచ్చేవాళ్లు బ్యాగులో తేవచ్చా?

ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. స్టాక్‌హోమ్‌లోనో, హెల్సింకీలోనో ఉన్న తమ్ముడు వస్తుంటే రెండు కిలోల పండ్లు తెమ్మంటే సరిపోదా? సరిపోదు. తాజా పండ్లు, మొక్కలు, విత్తనాలు ఇండియాలోకి తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది. ఆ దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. అంటే ఆ పండుకు పురుగు, తెగులు లేదని అక్కడి ప్రభుత్వం రాసిచ్చే కాగితం. అది లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకోవచ్చు. ఇదేదో పేపర్ల గొడవ కాదు. బయటి పండుతో వచ్చిన ఒక్క పురుగు ఇక్కడి పంటలకు ఎంత నష్టం చేస్తుందో రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. తేవాలనుకుంటే సీల్ వేసిన జామ్ సీసా తెమ్మనడం నయం.

పోనీ మొక్క తెప్పించి పెంచితే? అదీ కుదరదు. లింగన్ మొక్కకు ఆమ్ల గుణం ఉన్న నేల, గడ్డకట్టే చలికాలం కావాలి. మద్నూర్, డోంగ్లి వైపు ఎక్కువగా ఉండేది నల్లరేగడి, క్షార గుణం ఉన్న నేల. పైగా ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతుంది. ఆన్‌లైన్‌లో 'బెర్రీ మొక్క' అని అమ్మేవాటికి డబ్బులు పెడితే మిగిలేది ఎండు పుల్లే.

అమెరికా తెలుగువాళ్లు ఏం చేశారు?

పండు లేనిచోట బదులు వెతుక్కోవడం మనవాళ్లకు కొత్త కాదు. అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ లెక్కను ఎప్పుడో తేల్చేశాయి. అక్కడ నవంబర్‌లో థ్యాంక్స్ గివింగ్ సమయానికి షాపుల నిండా తాజా క్రాన్‌బెర్రీలు వస్తాయి. వాటితో మనవాళ్లు క్రాన్‌బెర్రీ పప్పు, క్రాన్‌బెర్రీ పచ్చడి, పులిహోర చేయడం మొదలుపెట్టారు. ఇంట్లో మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి వేయించి, ఆ పుల్లటి పండుతో కలిపి రుబ్బితే రుచి ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది. ఆ తెలిసిన రుచి పేరే వాక్కాయ.

క్రాన్‌బెర్రీ, లింగన్‌బెర్రీ రెండూ ఒకే ప్రజాతి మొక్కలు, అక్కాచెల్లెళ్ల లాంటివి. అంటే అమెరికాలో మనవాళ్లు వాక్కాయ బదులు క్రాన్‌బెర్రీ వాడితే, డోంగ్లిలో లింగన్‌బెర్రీ బదులు వాక్కాయ వాడొచ్చు. దారి అదే, నడిచేది మాత్రం వెనక్కి.

డోంగ్లికి దగ్గరలో ఉన్న 'లింగన్' వాక్కాయే

వాక్కాయ ముళ్ల పొద. చేను గట్ల మీద, కంచెల్లో, రాళ్ల నేలలో కాస్తుంది. నీళ్లు పెద్దగా అడగదు. కొన్ని ఊళ్లలో కలేకాయ, కలివికాయ అంటారు. డోంగ్లి మహారాష్ట్ర సరిహద్దు మండలం కాబట్టి అక్కడివాళ్లకు మరాఠీ పేరు 'కరవంద' కూడా తెలిసే ఉంటుంది. హిందీలో కరోందా. వానలు పడ్డాక, జులై నుంచి సెప్టెంబర్ దాకా కాయలు వస్తాయి. లింగన్ పండేది కూడా దాదాపు ఆ నెలల్లోనే.

రుచిలో పులుపు, వగరు రెండూ ఉంటాయి. రంగు లేత గులాబీ నుంచి ముదురు ఎరుపు దాకా వస్తుంది. బేకరీ కేకుల మీద ఎర్రగా మెరిసే 'చెర్రీ' చాలాసార్లు చెర్రీయే కాదు, చక్కెర పాకంలో ఊరబెట్టి రంగు వేసిన వాక్కాయ. అంటే ఈ కాయ ఇప్పటికే విదేశీ పండు వేషం వేస్తోంది.

వాక్కాయ కోస్తే పాలు కారతాయి. చేతికి, కత్తికి జిగటగా అంటుకుంటాయి. చేతికి కొంచెం నూనె రాసుకుని, కాయను రెండు ముక్కలు చేసి గింజలు తీసేసి, రెండు మూడు సార్లు కడిగితే జిగురు పోతుంది.

రెండో దారి పుంటికూర పువ్వు. గోంగూర జాతిలోనే ఎర్రటి మందపాటి రేకులు వచ్చే రకం ఒకటి ఉంది. పువ్వు రాలాక కాయ చుట్టూ ఎర్రగా మిగిలే తొడిమ రేకులవి. అమెరికాలోని ఫ్లోరిడాలో వీటిని 'ఫ్లోరిడా క్రాన్‌బెర్రీ' అనే పిలుస్తారు. పులుపు, ఎర్ర రంగు రెండూ బాగా ఇస్తాయి. చలికాలం మొదట్లో వస్తాయి, ఎండబెడితే ఏడాదంతా ఉంటాయి. కూరకు వాడే ఆకు రకానికి రేకులు పలుచగా ఉంటాయి. వాటితో పని తక్కువ.

మిగతా బెర్రీల సంగతి ఏంటి?

సముద్రపు ఒడ్డున కాసే నారింజ రంగు సీ బక్‌థార్న్‌తో కూడా స్కాండినేవియాలో సాస్‌లు చేస్తారు. ఈ పండు మాత్రం మన దేశంలోనే ఉంది. లద్దాఖ్‌లో, హిమాచల్‌లోని లాహౌల్-స్పితిలో అడవిగా పెరుగుతుంది. లేహ్‌లోని డీఆర్‌డీఓ పరిశోధన సంస్థ దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. దాని నుంచే 'లేహ్ బెర్రీ' పేరుతో జ్యూస్ బజార్లోకి వచ్చింది. విటమిన్ సి చాలా ఎక్కువ, పులుపు కూడా అంతే. గుజ్జు రూపంలో కొంటే పచ్చ మిర్చి, పసుపు మిర్చి సాస్‌కి బాగా కుదురుతుంది. దాని గుజ్జులోనే నూనె ఉంటుంది కాబట్టి సాస్ పైన పలుచగా నారింజ రంగు నూనె తేలితే పాడైందని పారేయక్కర్లేదు, ఊపి వాడుకోవచ్చు.

బంగారు రంగులో ఉండే క్లౌడ్‌బెర్రీకి మాత్రం ఇక్కడ సరైన జోడీ లేదు. ఉత్తరాన చిత్తడి నేలల్లో ఒక్కో కాడకు ఒక్కో పండు కాస్తుంది. అందుకే అక్కడ కూడా ధర ఎక్కువే. ఫిన్లాండ్ 2 యూరోల నాణెం మీద ఈ పండు బొమ్మ ఉంటుందంటే ఎంత మక్కువో అర్థం చేసుకోవచ్చు. హిమాలయాల్లో కాసే పసుపు రాస్ప్‌బెర్రీ, 'హిసాలు', దీనికి చుట్టమే. కానీ అది చాలా మెత్తన, ప్రయాణానికి ఆగదు.

నల్లగా, నీలంగా ఉండే బిల్‌బెర్రీకి బదులు అంటే నేరేడు పండే. ఊదా రంగు, వగరు సరిపోతాయి. పులుపు చాలదు కాబట్టి వెనిగర్ ఎక్కువ పోయాలి.

జాగ్రత్త: వీటిని ముట్టుకోవద్దు

వీడియోలో 'అడవి బెర్రీ' అన్నారు కదా అని ఎర్రగా, నల్లగా కనిపించిన కాయనల్లా కోసుకురావడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

వాక్కాయ, గన్నేరు ఒకే కుటుంబం మొక్కలు. రెండింటికీ పాలు కారతాయి. పచ్చ గన్నేరు కాయ, గింజ తింటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. 'పాలు కారుతోంది, పుల్లగా ఉంటుందేమో' అని ఎప్పుడూ రుచి చూడొద్దు. గురివింద గింజ ఎర్రగా నల్ల చుక్కతో అందంగా ఉంటుంది. నమిలి మింగితే ప్రాణాంతకం. కంచెల్లో రంగురంగుల పూలతో ఉండే లాంటానా పచ్చి కాయలు కూడా విషమే, పిల్లలు తినే అవకాశం ఎక్కువ.

గుర్తు సులభం. వాక్కాయ పొదకు జంటగా గట్టి ముళ్లు ఉంటాయి, తెల్లటి చిన్న పూలు మల్లెలా ఉంటాయి. అయినా సరే, ఊళ్లో ఏటా ఆ కాయ కోసే పెద్దవాళ్లకు చూపించకుండా వంటింట్లోకి తేవొద్దు. పొరపాటున ఎవరైనా తెలియని కాయ తింటే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా, ఆ కాయను కూడా వెంట పెట్టుకుని ఆస్పత్రికి పోవాలి. 108కి ఫోన్ చేయాలి.

కొరివికారం ఏడాది ఉంటుంది.. సాస్ ఎందుకు ఉండదు?

ఇది అసలు పాయింట్. పండుమిర్చి, చింతపండు, ఉప్పు వేసి దంచిన కొరివికారం ప్రతి ఇంట్లో తెలిసిందే. జాడీలో ఏడాది ఉంటుంది. మరి అదే మిర్చితో చేసిన హాట్ సాస్ వారంలో ఎందుకు బూజు పడుతుంది?

తేడా ఉప్పులో ఉంది. కొరివికారంలో ఉప్పు దండిగా పడుతుంది, నీళ్లు తగలనివ్వరు. ఆ ఉప్పు దెబ్బకే క్రిములు పెరగవు. హాట్ సాస్‌లో ఉప్పు 3 శాతం దగ్గరే ఉంటుంది, పైగా పలుచన. అక్కడ కాపాడాల్సింది పులుపు. పులుపు చాలకపోతే కాపాడేది ఇంకేమీ లేదు.

పులుపును కొలిచే లెక్క పీహెచ్. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. మంచినీళ్లు 7, నిమ్మరసం 2 నుంచి 2.5 మధ్య. బొట్యులిజం అనే ప్రమాదకరమైన విషాన్ని తయారుచేసే క్రిమి గాలి ఆడని సీసాల్లో పెరుగుతుంది. పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉంటే అది పెరగలేదు. ఇంట్లో చేసేవాళ్లు కొంచెం మార్జిన్ పెట్టుకుని 4 కన్నా తక్కువ ఉండేలా చూసుకోవాలి. వాక్కాయ పులుపు 3 దగ్గర ఉంటుంది, కానీ మిరపకాయ, వెల్లుల్లి పులుపు లేనివి. అన్నీ కలిశాక ఎంత అయిందో నాలుకకు తెలియదు, కొలవాల్సిందే.

ఒక్కసారి మరిగిస్తే చాలదా అంటే చాలదు. ఆ క్రిమి బీజాలు 100 డిగ్రీల మరుగును తట్టుకుంటాయి. వాటిని అదుపులో పెట్టేది పులుపే. వెల్లుల్లిని నూనెలో ముంచి బయట పెట్టే అలవాటు కూడా ఇందుకే మంచిది కాదు.

బొట్యులిజం లక్షణాలు ఏంటంటే.. ఒకటి రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, తర్వాత చేతులు, ఊపిరి బలహీనం కావడం. ఇలాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

పీహెచ్ స్ట్రిప్‌లు చవకే కానీ ఎర్ర సాస్‌లో ముంచితే సాస్ రంగే అంటుకుని సరిగ్గా తెలియదు. చిన్న డిజిటల్ పీహెచ్ మీటర్ నయం. దాంతో వచ్చే 4, 7 ద్రావణాలతో ముందు సరిచూసుకుని వాడాలి. నలుగురు ఆడవాళ్లు కలిసి సంఘంగా చేసుకుంటే ఒక్క మీటర్ అందరికీ సరిపోతుంది.

సీజన్ల చిక్కు.. రెండు విడతల్లో సాస్

ఇక్కడ వీడియోలు చెప్పని చిక్కు ఒకటి ఉంది. పండుమిర్చి వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. వాక్కాయ వచ్చేది జులై తర్వాత. రెండూ ఒకేసారి దొరకవు. అందుకే పనిని రెండుగా విడగొట్టుకోవాలి.

మొదటి విడత, ఫిబ్రవరిలో: తొడిమలు తీసి, కడిగి, తడి ఆరిన పండుమిర్చి 1 కిలో, వెల్లుల్లి 50 గ్రాములు, ఉప్పు 32 గ్రాములు. మొత్తం బరువులో ఉప్పు 3 శాతం అన్నమాట. చెంచా లెక్క వద్దు, తూకం వేయాలి. నీళ్లు పోయకుండా కచ్చాపచ్చాగా రుబ్బి, వేడి నీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో ముప్పావు వంతు మాత్రమే నింపాలి. మూత వదులుగా పెట్టాలి. ఇంట్లో చల్లటి మూలన 7 నుంచి 10 రోజులు ఉంచాలి. రోజూ ఒకసారి శుభ్రమైన గరిటెతో అడుగుకు నొక్కాలి. బుడగలు వచ్చి, పుల్లటి వాసన మొదలవుతుంది. పీహెచ్ 4 కన్నా తక్కువ వచ్చాకే ఫ్రిజ్‌లో పెట్టాలి. వానాకాలం దాకా ఆగాలంటే ఫ్రీజర్ ఇంకా మంచిది.

రెండో విడత, ఆగస్టులో: గింజలు తీసిన వాక్కాయ ముక్కలు 300 గ్రాములు తీసుకుని, కొంచెం నీళ్లతో 10 నిమిషాలు ఉడికించి, మెదిపి, వడగట్టాలి. దానికి పులిసిన మిర్చి ముద్ద 500 గ్రాములు, వెనిగర్ 100 మిల్లీలీటర్లు, బెల్లం 40 గ్రాములు కలిపి స్టీల్ గిన్నెలో 10 నిమిషాలు మరిగించాలి. అల్యూమినియం, రాగి గిన్నెలు వద్దు, పులుపు వాటిని తినేస్తుంది. కిటికీలు తెరిచి పెట్టుకోకపోతే ఘాటుకు ఇల్లంతా దగ్గులే. చల్లారాక మెత్తగా రుబ్బి, పీహెచ్ చూసి, మళ్లీ ఒక పొంగు రానిచ్చి, వేడివేడిగా సీసాల్లో పోయాలి. పీహెచ్ 4కు పైన ఉంటే ఇంకొంచెం వెనిగర్ పోసి మళ్లీ కొలవాలి.

ఐకియా జామ్ తెచ్చుకున్నవాళ్లు వాక్కాయ, బెల్లం బదులు 100 గ్రాముల జామ్ వేసుకోవచ్చు. వెనిగర్ మాత్రం తగ్గించొద్దు. పుంటికూర పువ్వు దొరికితే ఇంకా సులువు. 30 గ్రాముల ఎండు రేకులను పావు లీటర్ మరిగే నీళ్లలో నానబెట్టి, రుబ్బి కలిపితే ఫిబ్రవరిలోనే సాస్ రెడీ. సీజన్ కోసం ఆగే పని లేదు.

ఏ మిర్చి వాడాలి?

బెర్రీ సాస్‌లో పండు రుచి తెలియాలంటే ఘాటు కాస్త తక్కువ ఉండాలి. వరంగల్ చపాటా మిర్చి దీనికి సరిగ్గా సరిపోతుంది. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. రంగు ఎక్కువ, కారం తక్కువ, టమాటాలా బొద్దుగా ఉంటుంది. పక్క రాష్ట్రం కర్ణాటక బ్యాడగి కూడా అదే కోవ. తేజ మిర్చి అయితే నాలుగో వంతు మించి వేస్తే పండు రుచి మిగలదు, కారమే తగులుతుంది.

ఎప్పుడు పారేయాలి?

పైన పలుచని తెల్లటి పొర కడితే అది ఒక రకం ఈస్ట్, తీసేయొచ్చు. కానీ నూగులాంటి బూజు, అదీ పచ్చగా, నల్లగా, గులాబీ రంగులో కనిపిస్తే మొత్తం పారేయాలి, పైది తీసి కిందది వాడటం వద్దు. మూత ఉబ్బినా, తెరవగానే చిమ్మినా, కుళ్లు వాసన వచ్చినా అంతే. 'ఒక్క చుక్క నాకి చూద్దాం' అనే పరీక్ష అస్సలు చేయొద్దు. తయారైన సాస్‌ను ఫ్రిజ్‌లోనే ఉంచి, రెండు మూడు నెలల్లో వాడేయడం మేలు. లింగన్‌లో ఉన్న సహజ రక్షణ వాక్కాయలో ఉందనుకుని బయట పెట్టకూడదు.

అమ్మాలనుకుంటున్నారా?

రుచి కుదిరితే మహిళా సంఘాలకు ఇది చిన్న ఆదాయ మార్గం అవుతుంది. వానాకాలంలో కంచెల మీద రాలిపోయే కాయకు విలువ వస్తుంది. అయితే సీసా ఒక్కటి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేబుల్ మీద ఏం వేశారో, ఎప్పుడు చేశారో, ఎప్పటి దాకా వాడొచ్చో రాయాలి. ప్రతి బ్యాచ్ పీహెచ్ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట, వాక్కాయతో చేసి 'లింగన్‌బెర్రీ సాస్' అని పేరు పెట్టడం మోసం కిందకు వస్తుంది. 'వాక్కాయ-చపాటా సాస్' అని రాస్తే సరిపోతుంది. ఆ పేరుకి స్వీడన్ సర్టిఫికెట్ అవసరం లేదు.

ఈ ఏడు చేయాలనుకునేవాళ్లు వానలు మొదలయ్యాక ఊళ్లో వాక్కాయ పొద ఎక్కడుందో పెద్దవాళ్లను అడిగి పెట్టుకోండి. పిట్టలు తినేలోపు కోసుకోవాలి మరి.